ఏ చేతికి కత్తి?

నేను రిటైరయ్యాను గానీ నా ఫోను ఇంకా కాలేదు. వానలు మొదలయ్యాయంటే చాలు, శాఖలో కొత్తగా చేరిన పిల్లలు కత్తుల ఫోటోలు పంపుతుంటారు. "మేడం, అంటు కట్టడానికి ఈ కత్తి బాగుంటుందా? ధర తక్కువే, కొనెయ్యమంటారా?" అని అడుగుతారు. నేను ధర అడగను, ఉక్కు ఎలాంటిదని అడగను. "ఎవరి చేతికమ్మా?" అంటాను. దానికి చాలామంది ఒక నవ్వు బొమ్మ పంపి ఊరుకుంటారు. పెద్దావిడకి చాదస్తం ముదిరిందనుకుంటారు కాబోలు. చాదస్తమే, కాదనను. అయితే అది నాకు ఎలా పట్టుకుందో కాస్త తీరిగ్గా చెప్పాలనుంది. పనుంటే చూసుకుని రండి, నేనెక్కడికీ పోను.

ఉద్యాన శాఖలో నాది పెద్ద హోదా ఉన్న ఉద్యోగం కాదు. తాడేపల్లిగూడెం దగ్గర మా శిక్షణ కేంద్రంలో రైతులకీ, మహిళా సంఘాలకీ అంటు కట్టడం నేర్పేదాన్ని. పొద్దున్నే ఏలూరులో రైలెక్కడం, గూడెంలో దిగడం, సాయంత్రం మట్టి గోళ్లతో మళ్లీ ఏలూరు చేరడం. రైల్లో పక్కన కూర్చున్న టీచర్లు నా చేతులు చూసి కొంచెం జరిగి కూర్చునేవారు. నాకూ అదే కావాలి, చోటు కలిసొచ్చేది.

అంటు కట్టడమంటే తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. టెంక నుంచి మొలిచిన మామిడి మొక్క ఏ కాయ కాస్తుందో దేవుడికే తెలియాలి. అందుకని ఆ మొక్క తల తీసేసి, మొండెం మధ్యలో చీలిక పెట్టి, మంచి చెట్టు నుంచి తెచ్చిన లేత పుల్లని రెండు పక్కలా చెక్కి ఆ చీలికలో దింపి, ప్లాస్టిక్ పట్టీతో బిగించి కడతాం. పైన పాలిథిన్ తొడుగు వేస్తాం. ఆ చెక్కుడు ఒక్క ఊపులో, తిన్నగా రావాలి. కోత వంకర పోయిందంటే పుల్లకీ మొండేనికీ మధ్య సందు మిగులుతుంది. ఆ సందులో నీరు చేరి పుల్ల నల్లబడి చచ్చిపోతుంది. ఇందులో మంత్రాలేమీ లేవు. చేతికీ కత్తికీ పొత్తు కుదరాలి, అంతే.

నా సర్వీసు చివరి రోజుల్లో, దెందులూరు అవతల కొల్లేటి వైపు ఊళ్ల నుంచి ఒక ఆడవాళ్ల బృందం శిక్షణకి వచ్చింది. ఆ ఊళ్లలో ఎటు చూసినా చేపల చెరువులే. మొక్క నాటుకోడానికి వాళ్లకి జానెడు నేల లేదు. అయినా వాళ్లు రావడానికి కారణముంది. చెరువుల యజమానులు గట్ల మీద మామిడీ, జామా వేయడం మొదలుపెట్టారు. నర్సరీలకి మొక్కలు చాలడం లేదు, అంటు కట్టే చేతులు అసలే చాలడం లేదు. గూడెం శివార్లలో పెద్ద నర్సరీ ఉన్న ఒకాయన మా ఆఫీసుకొచ్చి, "నేర్పించి పంపండి మేడం గారూ. ఒక్కొక్కళ్లకీ ఒక వరస ఇస్తాను. వాళ్ల వరస చిగురేస్తే ఏడాది పొడుగునా పనిస్తాను. చిగురెయ్యకపోతే మాత్రం మొహమాటపెట్టకండి" అని చెప్పి వెళ్లాడు.

ఆ బృందంలో ఒకావిడ గురించే ఇదంతా. ముప్పై దాటి ఉంటాయి. మాట తక్కువ, చూపు చురుకు. ఉండి అనే ఊరి వైపు ఒక రొయ్యల షెడ్డులో రొయ్యలు ఒలిచే పని. తెల్లారకముందే వ్యాను వచ్చి ఊరి ఆడవాళ్లని ఎక్కించుకుపోతుంది. రోజంతా ఐసు నీళ్లలో చేతులు. మొదటిరోజు పరిచయాలప్పుడు ఆవిడ చేతులు చూశాను. వేళ్ల సందులు పగిలి, గోళ్ల మొదళ్లు చీము పట్టి ఉన్నాయి.

"డాక్టరు గారు ఆ పని మానెయ్యమన్నారండీ. మానేస్తే ఇల్లెలాగండీ? పచ్చడన్నం కలుపుకుంటే వేళ్లు భగ్గుమని ఏడుపొచ్చేస్తందండి. మా అమ్మాయి ముద్దలు కలిపి పెడతందండి, పదో క్లాసు పిల్ల. నాకు సిగ్గేస్తదండి," అంది.

అందరికీ ఆ శిక్షణ ఒక అవకాశం. ఆవిడకి మాత్రం ఐసులోంచి బయటపడే దారి. నర్సరీలో పని దొరికితే చేతులు మిగులుతాయి, లేకపోతే మళ్లీ వ్యానే. ఆ సంగతి ఆవిడకీ తెలుసు, నాకూ తెలుసు.

ఇక కత్తుల సంగతి. మా ఆఫీసులో విదేశీ కత్తి ఒకటుండేది. మడతపెట్టేది, నున్నటి చెక్క పిడి, చూస్తేనే ముచ్చటేసేది. పోతుందేమోనని దాన్ని బీరువాలో పెట్టి తాళం వేసేవారు. ఎవరైనా పెద్దాఫీసరు వస్తే ఆపిల్ కొయ్యడానికి తీసేవారు. నేను చూస్తుండగా ఆ కత్తి ఒక్క అంటు కట్టలేదు, ఆపిల్స్ మాత్రం చాలా కోసింది.

శిక్షణకి వచ్చినవాళ్లకి ఇవ్వడానికి మా ఆఫీసరు గారు వేరే కత్తులు కొన్నారు. ఆయన మంచి మనిషి, ఎవరినీ పల్లెత్తు మాట అనేవారు కాదు. ఒక్క బలహీనత ఏమిటంటే తక్కువ కొటేషన్ కనపడితే ప్రాణం లేచొచ్చేది. ఎర్ర ప్లాస్టిక్ పిడితో తళతళలాడే కత్తులు డబ్బా నిండా వచ్చాయి. అవి కూరగాయల కత్తులు. పెట్టె మీద అంటు కత్తి అని ముద్ర వేశారు, అంతే తేడా. నాలుగు పుల్లలు చెక్కేసరికి పదును పోయేది. పైగా రెండు పక్కలా సాన పట్టినవి, కోత తిన్నగా వచ్చే మాటే లేదు. ఆయన దగ్గరికి ఒకటి తీసుకెళ్లి ఆయన ముందే పుల్ల చెక్కి చూపించాను.

"తెగుతోంది కదమ్మా," అన్నారు.

"తెగుతోందండీ, అరటిపండు కూడా తెగుతుంది. పుల్ల మాత్రం నలుగుతోంది," అన్నాను. ఆయన నవ్వేసి, చేతిలో ఉన్న కొద్దిపాటి నిధితో నన్నే చూసి కొనమన్నారు.

అప్పుడు మొదలైంది నా కత్తుల వేట. నర్సరీల్లో కొందరు గడ్డం బ్లేడు సగానికి విరిచి వాడతారు. చౌక, పదునుకి తిరుగులేదు. కానీ పల్చన కదా, పుల్ల మీద వంగిపోతుంది. వేళ్లూ కోసుకుపోతాయి. వేళ్లు అసలే బాగాలేని మనిషి చేతిలో దాన్ని పెట్టడానికి నాకు మనసొప్పలేదు. చివరికి ఏలూరులో విత్తనాలూ పురుగు మందులూ అమ్మే కొట్లో మన దేశంలోనే చేసిన మడత కత్తి దొరికింది. పిడి ముతక. ఉక్కు మాత్రం మంచిది. ఒక పక్క బల్లపరుపు, రెండో పక్క వాలు. సానరాయి మీద నూనె చుక్క వేసి రెండు రుద్దులు రుద్దితే చేతి మీది వెంట్రుకలు గీసేసింది. చౌకలో ఇంతకంటే మంచిది దొరకదని బల్ల గుద్ది చెప్పాను. బృందం మొత్తానికీ అవే కొన్నాం.

వారం తిరిగేసరికి ఆడవాళ్లందరి చేతులూ తిరిగాయి. ముసలమ్మ ఒకావిడైతే చెక్కుతూ చెక్కుతూ కోడలి మీద చాడీలు చెప్పేది, కోత మాత్రం గీత గీసినట్టు వచ్చేది. ఒక్క మన రొయ్యలావిడకే రావడం లేదు. అందరికంటే ముందొచ్చి అందరి తర్వాత లేచేది. శ్రద్ధకి లోటు లేదు. పుల్లని పట్టుకోవడంలోనే ఏదో తడబాటు. కోత మెట్లు మెట్లుగా వచ్చేది. కట్టిన అంటు కట్టినట్టే నల్లబడేది. బొటనవేలు రెండుసార్లు తెగింది.

నేను కత్తి మార్చాను. కాస్త పొడుగు బ్లేడున్నది ఇచ్చాను, పొట్టిది ఇచ్చాను. పిడికి గుడ్డ చుట్టి ఇచ్చాను. ఆఖరికి ఆఫీసరు గారిని బతిమాలి బీరువాలో ఉన్న విదేశీ కత్తి తీయించాను. ఆపిల్స్ కోసే కత్తి మొదటిసారి మామిడి పుల్ల చూసింది. ఫలితం అదే. ఆవిడ తల దించుకుని, "నా చేతుల్లో లేదండీ ఈ విద్య. కత్తులదేం తప్పు లేదండి," అంది. మర్నాడు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు.

నాకు కోపమొచ్చింది. ఎవరి మీదో చెప్పలేను. మూడో రోజు గూడెం రైలెక్కకుండా ఏలూరు నుంచే తిన్నగా దెందులూరు బస్సెక్కి, అక్కడి నుంచి ఆటోలో చెరువు గట్ల మీదుగా వాళ్ల ఊరెళ్లాను. ఒళ్లు హూనమైంది. గట్టు రోడ్ల మీద షేర్ ఆటోలో ఓ మూల కూర్చున్నవాళ్లకే తెలుస్తుంది ఆ బాధ.

ఆవిడ ఇంటి ముందు అరుగు మీద కూర్చుని రొయ్యలు ఒలుస్తోంది. ఇంట్లోకే, ఎవరో చెరువులో రొయ్యలు పట్టిన నాడు ఇచ్చారట. నేను వస్తున్నది ఆవిడ చూడలేదు. నేను గేటు దగ్గరే ఆగిపోయాను. ఆ వేళ్లు ఎంత వేగంగా ఆడుతున్నాయంటే కంటికి ఆనడం లేదు. చిన్న చాకు మొనతో వీపు మీద ఒక్క గీత, పొట్టు ఒక పక్కకి, నల్ల నరం ఒక పక్కకి, రొయ్య గిన్నెలోకి. ఒక్క తడబాటు లేదు. నా దగ్గర పుల్ల చెక్కలేక వేలు కోసుకున్న మనిషేనా అనిపించింది.

అలికిడికి తలెత్తి నన్ను చూసింది. గబుక్కున లేచి నిలబడింది. లేస్తూ లేస్తూ చాకుని ఎడమ చేతిలోంచి కుడి చేతిలోకి మార్చుకుంది.

ఆ మార్చుకోవడం నేను చూశాను.

"ఏమ్మా, నీది ఎడం చేతివాటమా?" అని అడిగాను.

తప్పు పని చేస్తూ దొరికిపోయినట్టు మొహం పెట్టింది. "లేదండి... అంటే... అన్నం కుడి చేత్తోనే తింటానండి."

"అన్నం సంగతి కాదు. చాకు ఏ చేత్తో పట్టుకుంటావు?"

"రొయ్యలకి ఎడం చెయ్యేనండి. షెడ్డులో ఎవరూ పట్టించుకోరండి."

"మరి నా దగ్గర కుడి చేత్తో ఎందుకు చేస్తున్నావు?"

ఆవిడ నన్ను వింతగా చూసింది. ఇంత తెలిసిన మేడం గారికి ఇది కూడా తెలియదా అన్నట్టు. "అదేంటండీ మేడం గారూ. మీరు గురువు లాంటోరు, మీ ముందు ఎడం చేత్తో ఎలా చేస్తానండి? పైగా రొయ్యంటే చచ్చిందండి, దానికి ఏ చెయ్యైనా ఒకటే. మొక్క బతకాల్సిందండి. బతకాల్సినదాన్ని ఎడం చేత్తో ముట్టుకోకూడదు కదండీ."

నేను అరుగు మీద కూలబడ్డాను. మంచినీళ్లు అడిగి తాగాను. చిన్నప్పుడు వాళ్ల నాయనమ్మ ఆవిడ ఎడం చేతికి గుడ్డ చుట్టి కట్టేసేదట. బళ్లో పంతులమ్మ స్కేలుతో కొట్టేదట. రొయ్యల షెడ్డులో చేరాకే ఆ చేతికి స్వేచ్ఛ వచ్చిందంటూ నవ్వింది.

నా సంచిలో కత్తి ఉంది, పెరట్లో మందార చెట్టు ఉంది. పుల్ల విరిచి చేతికిచ్చి, "నా మీద ఒట్టు, ఎడం చేత్తో చెక్కు," అన్నాను. అటూ ఇటూ చూసి, కత్తిని ఎడం చేతిలోకి తీసుకుంది. పట్టు చూడగానే తెలిసిపోయింది, చెయ్యి మారితే మనిషే మారిపోయింది. ఒక్క ఊపున లాగింది. కత్తి పుల్లలోకి దిగబడి, దోనెలా గుంట తీసి, పైకి లేచిపోయింది. మళ్లీ లాగింది. మళ్లీ గుంటే. కుడి చేత్తో చేసినదానికంటే అధ్వానం.

"చూశారాండీ," అంది మెల్లగా. "ఎడం చెయ్యి కలిసిరాదండి."

కలిసిరానిది చెయ్యి కాదు. నేను బల్ల గుద్ది చెప్పిన కత్తికి పదును ఒకవైపే ఉంది కదా. బల్లపరుపు పక్క పుల్లకి ఆనితే కోత తిన్నగా వస్తుంది. కుడి చేతివాళ్లు పట్టుకుంటే అది సరిగ్గా ఆనుతుంది. అదే కత్తి ఎడం చేతిలోకి వెళితే వాలు పక్క పుల్లకి తగులుతుంది, కోత గుంటపడుతుంది. పుస్తకాల్లో ఉన్నదే ఇది. నేనూ చదివాను. ఇన్నేళ్లలో ఎడం చేతివాటం వాళ్లెవరూ నా శిక్షణకి రాలేదు గనక ఆ పేజీతో నాకెప్పుడూ పని పడలేదు.

"ఇది నీ కత్తి కాదమ్మా. నీ కత్తి నేను తెస్తాను. నువ్వు వ్యానెక్కకు," అని చెప్పి లేచాను. చెప్పడం తేలికే. నర్సరీ ఆయన పరీక్ష పెట్టే రోజు దగ్గర పడింది.

మర్నాడు ఏలూరు కొట్టుకెళ్లి ఎడం చేతి అంటు కత్తి కావాలన్నాను. కొట్టు కుర్రాడు లోపలికెళ్లి వాళ్ల నాన్నని పిలుచుకొచ్చాడు. ఆయన కళ్లజోడు పైకి తోసి, "కత్తికి కుడీ ఎడమా ఉంటాయాండీ?" అన్నాడు. ఫోనులో వెతికితే విదేశీ కంపెనీవాళ్లు చేస్తున్నారు. ఆ ధరకి ఆవిడ ఎన్ని నెలలు రొయ్యలు ఒలవాలో. పైగా అది చేరేసరికి మామిడి చిగుళ్లు ముదిరిపోతాయి. ఆఫీసరు గారికి విషయమంతా చెప్పాను. ఆయన చాలా సానుభూతిగా విన్నారు. "ఎడం చేతి కత్తి అని ఇండెంటు పెడితే ఆడిట్ వాళ్లు నన్ను ఎడాపెడా వాయిస్తారమ్మా," అన్నారు. ఒక్క నిమిషం ఆగి, "కమ్మరి చేత చేయించరాదూ?" అన్నారు. పాతికేళ్ల పరిచయంలో ఆయన నాకిచ్చిన సలహాల్లో అదొక్కటే పనికొచ్చింది. ఆ సంగతి ఆయనతో కూడా అన్నాను, నవ్వారు.

గుండుగొలనులో హైవే పక్కన కమ్మరాయన ఒకాయన ఉన్నాడు. ఒకప్పుడు చుట్టుపక్కల ఊళ్లకి కొడవళ్లన్నీ ఆయన కొలిమిలోవే. కోత మిషన్లు వచ్చాక కొడవలి అడిగే నాథుడు లేడు. చెరువుల్లో నీళ్లు చిలికే యంత్రాలకి విరిగిన రెక్కలు అతుకుతూ కాలక్షేపం చేస్తున్నాడు. ఇనుము కోసే రంపం బ్లేడు పాతది ఒకటి ముందు వేసి, నాకేం కావాలో చెప్పాను. బొగ్గుతో నేల మీద బొమ్మ కూడా వేశాను.

"కొడవలికీ వాలు ఉంటుంది కదా. ఎడం చేతివాళ్లకి ఎప్పుడూ చేయలేదా?" అని అడిగాను.

"ఎవరూ అడగలేదండీ అమ్మగారూ. అడిగితే చేసేవాణ్ణే," అన్నాడు.

సాయంత్రానికి కత్తి తయారైంది. తుమ్మ కర్ర పిడి, చక్కటి అందం. తీసుకుని చూస్తే వాలు కుడి చేతివాళ్లకున్న పక్కే ఉంది. నేల మీది బొమ్మ పక్కన పెట్టి చూపించాను. ఆయన నాలుక కరుచుకున్నాడు. "చెయ్యి దాని అలవాటున అది పోయిందండి. నేను చెబుతూనే ఉన్నానండి దానికి, వినలేదు," అన్నాడు. నాకు చిరాకేసింది, నవ్వూ వచ్చింది. రెండోది చేశాడు. ఈసారి పక్క సరిగ్గానే ఉంది గానీ, బస్సు వేళయిపోతోందని నేను గోల పెడుతుంటే గ్రైండరు మీద గబగబా అరగదీశాడు. అంచు వేడెక్కి నీలంగా తిరిగింది. నీలం తిరిగిన ఉక్కు మెత్తబడిపోతుంది, పదును నిలవదు. దాన్ని ఆయనే పక్కన పారేసి, "మీరు బస్సెక్కెయ్యండమ్మా. మీరుంటే నాకు పని సాగదు. రేపు రండి," అన్నాడు. మర్నాడు వెళ్లేసరికి, నీళ్ల బకెట్టు పక్కన పెట్టుకుని, ముంచుతూ అరగదీస్తూ, సావకాశంగా చేసిన కత్తి గుడ్డలో చుట్టి ఉంది. కొట్లో కత్తికన్నా తక్కువే తీసుకున్నాడు. బస్సు ఛార్జీలు కలుపుకుంటే ఎక్కువే అయింది, అది వేరే సంగతి.

ఆవిడ ఇంటి పెరట్లోనే ప్రయత్నం చేశాం. మందార పుల్ల. ఎడం చెయ్యి. ఒక్క ఊపు. చెక్కిన ముక్క గాలిలో ఎగిరి పడింది. పుల్లని తిప్పి రెండో పక్క చెక్కింది. ఆ కోత మీద కత్తి బల్లపరుపు పక్కని ఆనించి, వెలుతురుకి ఎదురుగా పట్టి చూశాను. మధ్యలోంచి కాస్త కూడా వెలుగు రాలేదు. ఇన్నేళ్లలో వేలమంది కోతలు చూసుంటాను. నా కళ్లలో నీళ్లు తిరిగింది మాత్రం ఆ రోజే. ఆవిడ కంగారుపడి, "బాలేదాండీ?" అంది.

"బాగుందమ్మా. ఇంకో పుల్ల తే," అన్నాను. నాలుగు రోజుల్లో ఆ మందార చెట్టు బోడి గుండైంది.

పరీక్ష రోజు సన్నగా ముసురు పట్టింది. నర్సరీ పచ్చ వల కింద మొక్కల సంచులు వరసలుగా పేర్చి ఉన్నాయి. యజమాని గారు స్నానం చేసి బొట్టు పెట్టుకుని వచ్చాడు. ఆ ఏడాది మామిడి అంట్లకి అదే మొదటి రోజు కాబట్టి కొబ్బరికాయ కొట్టాడు, అగరొత్తులు వెలిగించాడు. ఆడవాళ్లు ఎవరి వరస దగ్గర వాళ్లు కూర్చున్నారు. మనావిడ కత్తి తీసింది. ఆయన చూపు ఆ చేతి మీద పడింది.

"అమ్మాయ్, ఆగాగు. ఎడం చెయ్యా? సీజను బోణీ అమ్మా ఇది. కుడి చేత్తో కట్టు."

అందరూ చేతులు ఆపేశారు. నాకు తిక్క రేగింది. చెడామడా అనడానికి నోరు తెరిచాను. అప్పుడు ఆవిడ లేచి నిలబడింది. నన్ను చూడలేదు, ఆయన్నే చూసింది.

"అయ్యగారండీ, కుడి చేత్తో కూడా కట్టానండి. అన్నీ చచ్చిపోయాయండి. ఇది చస్తే నేనే రేపు రొయ్యల వ్యానెక్కుతానండి, మీరు పంపక్కర్లేదు. బతికితే మాత్రం ఏ చెయ్యని అడక్కండి."

మాట తక్కువ మనిషి అన్ని మాటలు అనడం నేను అంతకుముందు వినలేదు. నర్సరీ ఆయన గడ్డం గోక్కున్నాడు. ఆయన చెడ్డవాడు కాదు, భయం అంతే. వ్యాపారమంతా వానకీ ఎండకీ అప్పగించి కూర్చున్న మనిషికి ఏదో ఒక భయం ఉంటుంది. "సరే, ఆ చివర కుళాయి పక్కన వరసలో కట్టుకో. బోణీ వేరేవాళ్లు చేస్తారు," అన్నాడు. ఆవిడ పీట తీసుకుని వెళ్లి కుళాయి పక్కన కూర్చుంది. ముసలమ్మ బోణీ చేసింది. ఆ ముసురులో కుళాయి వైపు నుంచి కత్తి చప్పుడు మాత్రం ఆగకుండా వినిపించింది.

ఆ తర్వాత రోజులు నాకు గడవలేదు. అంటు కట్టాక చెయ్యగలిగిందేమీ లేదు. నీళ్లు పోయాలి, ఎదురు చూడాలి. పాలిథిన్ తొడుగు విప్పి చూడాలని చెయ్యి పీకుతుంది. విప్పితే చచ్చిపోతుంది. మధ్యలో ఒక రోజంతా కుండపోత కురిసి నర్సరీలో నీళ్లు నిలిచాయి. పల్లం కుళాయి దగ్గరే. ఆవిడ ఎవరూ చెప్పకుండా గూడెం వచ్చి, పారతో కాలవ తీసి నీళ్లు మళ్లించి వెళ్లిందని తర్వాత తెలిసింది.

తొడుగులు విప్పే రోజు మళ్లీ అందరం చేరాం. ముసలమ్మ వరస బాగా పట్టింది, ఆవిడ గొప్పలు ఊరంతా వినపడ్డాయి. ఒకరిద్దరివి సగానికి సగం పోయాయి. నర్సరీ ఆయన ఒక్కో వరసా చూసుకుంటూ కుళాయి దాకా వచ్చాడు. మనావిడ పీట మీద కూర్చుని పగిలిన వేళ్లతో ఒక్కొక్క తొడుగూ విప్పుతోంది. మొదటిది నల్లబడింది. ఆవిడ దాన్ని పక్కకి జరిపింది. రెండోదాని కొసన రాగి రంగు చిగురు, గోరంత. మూడోదీ అంతే. నాలుగోదానికి ఆకులు కూడా విచ్చుకుంటున్నాయి. నీళ్లు నిలిచిన చోట కొన్ని పోయాయి, మిగతావన్నీ పట్టాయి. ఆయన కిందకి వంగి ఒక అతుకుని వేలితో తడిమి చూశాడు. ఎక్కడా బుడిపె లేదు.

"ఆ కత్తి ఓసారి ఇయ్యమ్మా," అన్నాడు. తీసుకుని, కుడి చేత్తో ఒక పుల్ల చెక్కబోయాడు. గుంట పడింది. మళ్లీ చెక్కాడు. మళ్లీ గుంట. "ఇదేం కత్తండీ, తెగి చావట్లేదు!" అన్నాడు. ముసలమ్మ మొదలుపెట్టింది నవ్వడం, ఇక ఎవరూ ఆగలేదు. ఆయనకి ఎందుకు నవ్వుతున్నామో చాలాసేపటికి గానీ అర్థం కాలేదు. అర్థమయ్యాక కత్తిని జాగ్రత్తగా తిప్పి పిడి వైపు ఆవిడకి అందించి, "సోమవారం నుంచి వచ్చెయ్యమ్మా," అన్నాడు.

ఆవిడ తలూపింది. బస్సులో నా పక్కన కూర్చుని గుండుగొలను దాకా ఏడ్చింది. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను.

ఆ మరుసటి ఏడు నేను రిటైరయ్యాను. ఆవిడ అప్పుడప్పుడు ఫోను చేసేది. వేళ్లు మానాయని, ఆవకాయన్నం తనే కలుపుకుని తింటున్నానని, కూతురికి ఇప్పుడు తనే ముద్దలు పెడుతున్నానని చెప్పేది. ఆ తర్వాతి వానల్లో ఒక రోజు పొద్దున నర్సరీ ఆయన దగ్గర నుంచి ఫోను వచ్చింది.

"మేడం గారూ, నమస్కారమండీ. ఆ గుండుగొలను కమ్మరాయన ఇంకా ఉన్నాడాండీ?"

"ఉన్నాడు. ఏమండీ, కత్తి పోయిందా?"

"పోలేదండీ. మా దగ్గర పెద్దావిడ ఒకావిడుంది కదండీ, నర్సరీ పెట్టిన కొత్తల్లోంచీ అంట్లు కడతా ఉంది, తెల్ల జుట్టు ఆవిడ. మొన్న భోజనాలప్పుడు మీరు పంపిన అమ్మాయి కత్తి తీసుకుని ఎడం చేత్తో ఓ పుల్ల చెక్కి చూసిందంటండీ. అప్పటి నుంచీ ఆ కత్తి వదలట్లేదండి. ఈ అమ్మాయికి పని లేకుండా పోయింది. పిలిచి అడిగానండీ, ఏవమ్మా నీదీ ఎడం చేతివాటమేనా, ఇన్నేళ్లూ చెప్పలేదేంటీ అని. ఏమందో తెలుసాండీ? 'ఎవరూ అడగలేదు కదండీ' అంది."

అన్నేళ్లు ఆవిడ కుడి చేత్తోనే అంట్లు కట్టింది. ఎంత కష్టపడి ఉంటుందో ఎవరికీ తెలియదు.

"వింటున్నారాండీ?"

"వింటున్నానండీ. ఒక కత్తి చేయించమంటారు, అంతేగా?"

"ఒకటి కాదండీ," అన్నాడాయన. "ఓ నాలుగు చేయించండి. వరసలో ఇంకెంతమంది దాచుకుని కూర్చున్నారో."

గొడుగు తీసుకుని పది గంటల బస్సెక్కాను.